అప్‌డేట్: మందు, మత్తు పాలసీ మీద ఆన్‌లైన్ ట్రైనింగ్

పైడిభీమవరం వైపు మా ఫ్యాక్టరీకి మద్యం, మత్తుపదార్థాల పాలసీ మీద ఆన్‌లైన్ కోర్సు చేయాలి, వర్కర్లు నిజంగా చూసేలా ఎలా అని అడిగాను కదా. కోర్సు మొదలైంది. మీరు చెప్పినట్టే గంట వీడియో మానేసి, ఫోన్‌లో చూసే చిన్న ముక్కలు చేశాం. గొంతు మా షిఫ్ట్ సూపర్‌వైజర్‌ది, అచ్చం శ్రీకాకుళం యాస.

అందరూ ఆగింది ఒక్క చోటే: రాత్రి తాగి పొద్దున్నే డ్యూటీకి రావడం. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆల్కహాల్ త్వరగా దిగదు, కాలేయం తన వేగంతోనే కరిగిస్తుంది అంటే చాలామంది నమ్మలేదు. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మా రియాక్టర్ల (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలు) దగ్గర మాత్రం సున్నానే. దగ్గు మందు తాగొచ్చామనే వాళ్లను, నోట్లో మిగిలిన ఆల్కహాల్ పోయేలా పావుగంట ఆగి, ఊపిరి పరీక్ష మిషన్‌లో మళ్లీ ఊదమంటాం.

శిక్షల స్లైడ్ ముందు పెట్టాలని హెచ్‌ఆర్ పట్టు. నేను ఒప్పుకోలేదు. భయపడితే దాచుకుంటారు తప్ప చెప్పరు. అందుకే ముందు మత్తు అలవాటు మానడానికి సాయం చేసే ఉచిత హెల్ప్‌లైన్ 14446 పెట్టాం. మత్తుపదార్థాలకు అలవాటుపడినవాళ్లు తమంతట తాము చికిత్సకు వస్తే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నియంత్రణ చట్టం) 64ఏ సెక్షన్‌లో కేసుల నుంచి కొంత రక్షణ ఉందనీ చెప్పాం.

కాంట్రాక్టు కార్మికుల కోసం ఒడియా వెర్షన్ ఇంకా బాకీ. గొంతు ఇచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.