నెట్‌లో 'పీహెచ్‌డీ ఓన్లీ' వచ్చింది, జేఆర్‌ఎఫ్ లేదు. కెమిస్ట్రీలో ఎక్కడ ప్రయత్నించాలి?

ప్రశ్న
ఎమ్మెస్సీ ఆర్గానిక్, 68 శాతం. సీఎస్‌ఐఆర్ నెట్‌లో (సైన్స్ పరిశోధన, అధ్యాపక అర్హత పరీక్ష) మూడో కేటగిరీ (పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే; జేఆర్‌ఎఫ్, అంటే నెలనెలా డబ్బిచ్చే పరిశోధన ఫెలోషిప్, రాలేదు). గేట్ (ఐఐటీల ప్రవేశ అర్హత పరీక్ష) రాయలేదు. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకునే వీలు లేదు. ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ పోస్టు పడింది. చేరితే పీహెచ్‌డీ మొదలైనట్టేనా?

జవాబు 1
కాదండీ. ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ ఉద్యోగం లాంటిది, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ వేరు. దానికి సంస్థ పెట్టే ఇంటర్వ్యూ మళ్ళీ విడిగా గట్టెక్కాలి. చేరేముందు పీఐ గారిని (ప్రాజెక్ట్ నడిపే ప్రొఫెసర్) మూడే అడగండి: ప్రాజెక్ట్ ఎప్పుడు మొదలైంది, ఇంకా ఎన్ని నెలలుంది, గతంలో ప్రాజెక్ట్ స్టాఫ్‌కి రిజిస్ట్రేషన్ ఇచ్చారా. ప్రాజెక్టులు ఎక్కువగా మూడేళ్ళవి. రెండేళ్ళు గడిచాక చేరితే, పీహెచ్‌డీ సగంలో ఉండగానే జీతం ఆగిపోతుంది. మూడో కేటగిరీని ఆ పోస్టుకి 'నెట్' కింద లెక్కేస్తారా అన్నది కూడా మెయిల్‌లోనే తేల్చుకోండి, ఫోన్లో వద్దు.

జవాబు 2
డబ్బు సంగతి. మూడో కేటగిరీకి సీఎస్‌ఐఆర్ పైసా ఇవ్వదు. ఐఐటీలో రెగ్యులర్ సీటు వస్తే సంస్థే ఫెలోషిప్ ఇస్తుంది: మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. బదులుగా టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని ఉంటుంది, అంటే బీటెక్ ల్యాబులు, పేపర్లు దిద్దడం. సెంట్రల్ యూనివర్సిటీలో ఫెలోషిప్ లేకుండా చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్ లేనివారికి యూజీసీ ఇచ్చేది) కింద నెలకు 8,000. హాస్టల్, మెస్ కట్టాక మిగిలేది చాలా తక్కువ. మీ పరిస్థితికి ముందు ఐఐటీలు, ఎన్‌ఐటీలే. ప్రకటనలు ఎక్కువగా మార్చి-ఏప్రిల్లో, మళ్ళీ అక్టోబర్ ప్రాంతంలో పడతాయి. కొన్ని చోట్ల జేఆర్‌ఎఫ్ లేదా గేట్ మాత్రమే అంటారు, అర్హత పేరా పూర్తిగా చదవండి. మీ నెట్ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి, గేట్ స్కోరైతే మూడేళ్ళు. ఈసారి గేట్ కెమిస్ట్రీ పేపర్ తప్పకుండా రాయండి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. నేను బీసీ-డి. మీసేవ కుల ధ్రువీకరణ పత్రం ఉంది, అది సరిపోతుందా?

జవాబు 3
సరిపోదు. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఐఐటీలకి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదనే) పత్రం కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరానిది. మార్చిలో తీసుకున్నది జూలైలో అడ్మిషన్‌కి చెల్లకపోవచ్చు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, ముందు అది చూసుకుని తహసీల్దార్ ఆఫీసుకి వెళ్ళండి.

ఇంటర్వ్యూలో సగం సమయం మీ ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ మీదే. ఆ బేస్ ఎందుకు వాడారు, ఈల్డ్ ఎంత, కాలమ్‌లో ఏ ఎలుయెంట్ (వేరు చేయడానికి పోసే ద్రావకం), ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో ఏ పీక్ చూసి ఉత్పత్తి అదేనన్నారు, ఇవి బోర్డు మీద రాయమంటారు. సీనియర్ చేసిన రియాక్షన్‌ని మీదని చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మిగతా సగం పెరిసైక్లిక్ రియాక్షన్లు, స్టీరియోకెమిస్ట్రీ.