మెత్తటి మాట మర్యాదా, మోసమా?

టెక్కలి పాఠకుడు:
కటువైన సంగతిని సున్నితంగా చెప్పేందుకు పాలకులు వాడే మెత్తటి మాటలన్నీ మోసమేనని కొందరు, పరిపాలనకు అవి తప్పవని కొందరు అంటున్నారు. నా అభిప్రాయం చెబుతాను, కాదనేవారు కాదనండి. పని చేసిందెవరో, దానివల్ల పోగొట్టుకున్నదెవరో తెలియకుండా చేసే మాట ప్రచారమే. దాని కింద ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన నిజం అయిపోదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతే తీసుకుందాం. అక్కడివారు ఆ నేలను బీల అంటారు. నీరు నిలిచే చిత్తడి నేల అది. చుట్టుపక్కల పొలాలకు నీళ్లూ, మత్స్యకారులకు చేపలూ దాని నుంచే. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం వాదించినవారి నోట మాత్రం అది పనికిరాని బంజరు. ఆ ఒక్క మాటతో బీల మీద బతికేవాళ్లంతా లెక్కలోంచి తప్పిపోయారు. ఆ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఏడు నెలలు గడిచాక, 2011 ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రాన్ని వద్దన్న కాకరాపల్లిలోనూ కాల్పులే. రెండుసార్లూ మనం విన్నది 'కాల్పులు జరిగాయి' అనే. వర్షం కురిసినట్టు అవి వాటంతట అవే జరిగాయా?

రాజాం విలేకరి:
టెక్కలి పాఠకుడు గారూ, మీరు రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. 'బంజరు' మెత్తటి మాట కాదు, తప్పుడు సమాచారం. దాని వెనుక రెవెన్యూ లెక్కల చరిత్ర ఉంది. ఆ లెక్కల్లో కనబడే 'పోరంబోకు' అంటే శిస్తు కట్టనక్కర లేని నేల. చెరువు, శ్మశానం, దారి కూడా పోరంబోకే. పన్ను కోసం చేసిన వర్గీకరణను 'ఎవరికీ పనికిరానిది' అని చదవడంలోనే మోసం ఉంది. అది చదివినవారి తప్పు, మాటది కాదు.

ఇక 'కాల్పులు జరిగాయి' అని రాసేది మేమే. రాత్రి పదింటికి వార్త పంపేటప్పుడు ఎవరు ఆదేశించారో, ముందు రాయి పడిందో తూటా పేలిందో మాకు రుజువుతో తెలియదు. తెలియనిది తెలిసినట్టు రాయడం అంతకంటే పెద్ద తప్పు.

బొబ్బిలి ఉపాధ్యాయురాలు:
ఈ నేల మీద ఈ చర్చ చేస్తూ శ్రీకాకుళ గిరిజన సాయుధ ఉద్యమాన్ని వదిలేయలేం. 1970 జూలైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించినప్పుడు పోలీసులు చెప్పింది ఎదురుకాల్పులని. పట్టుకుని కాల్చి చంపారన్నది ఉద్యమ పక్షం మాట. 'ఎదురు' అన్న మూడక్షరాల్లోనే తీర్పు ఇమిడి ఉంది: ముందు కాల్చింది వాళ్లు, మాది ఆత్మరక్షణ. ఏ విచారణా మొదలు కాకముందే అది పాఠకుడి మనసులో స్థిరపడిపోతుంది.

అయితే అదే కొలత రెండో పక్షానికీ పెట్టాలి. భూస్వామినో వడ్డీ వ్యాపారినో చంపడాన్ని ఆ ఉద్యమం 'వర్గశత్రు నిర్మూలన' అంది. మలేరియా నిర్మూలన, నిరక్షరాస్యత నిర్మూలన అంటాం. మనిషికి ఆ మాట తగిలించగానే అతనికి పేరు ఉండదు, పిల్లలు ఉండరు, వర్గం ఒక్కటే మిగులుతుంది. గిరిజనుల భూములు అప్పుల కింద పోయిన మాట నిజం. 1967 అక్టోబరు 31న లేవిడిలో భూస్వాముల పక్షం ఇద్దరు గిరిజనులను కాల్చి చంపిన మాటా నిజం. ఇంత బలమైన నిజాలు చేతిలో ఉన్నవారికి హత్యను హత్య అనకుండా ఉండాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దీనికి నాకు ఎవరూ తృప్తికరమైన జవాబు చెప్పలేదు.

చీపురుపల్లి నుంచి ఒకరు:
అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. శరీర లోపాన్నే పేరుగా పెట్టి పిలిచే ఊళ్లో 'దివ్యాంగులు' అంటే వినేవారికి కాస్త ఊరట. 2016లో ఆ మాటను వద్దన్న సంఘాలు ఉన్నాయని తెలుసు, పేరు మారినంత మాత్రాన ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు రాదన్న వారి వాదనా న్యాయమే. అయినా అక్కడ ఎవరి నేరమూ దాగడం లేదు.

విజయనగరం న్యాయవాది:
మెత్తటి మాటకు విరుగుడు గట్టి మాట కాదు, నిర్వచనం. 1894 భూసేకరణ చట్టంలో 'ప్రజా ప్రయోజనం' అంటే దాదాపు ప్రభుత్వం అన్నదే. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బాధిత కుటుంబం అంటే ఎవరో విడమర్చింది: సెంటు భూమి లేకపోయినా అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ దాని మీదే ప్రధానంగా బతికే కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు. నీటి వనరుల మీద ఆధారపడిన మత్స్యకారులు కూడా. ప్రైవేటు సంస్థకు భూమి సేకరించాలంటే భూమి కోల్పోయే కుటుంబాల్లో 80 శాతం ముందస్తు సమ్మతి కావాలంది. ఎదురుకాల్పుల విషయంలోనూ అంతే. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాల ప్రకారం, అలాంటి మరణం మీద ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి, దర్యాప్తు సీఐడీ గానీ మరో స్టేషన్ పోలీసులు గానీ చేయాలి. పోలీసుల మాట అక్కడ వాదన మాత్రమే అవుతుంది.

శ్రీకాకుళం విద్యార్థిని:
1937లో అమెరికాలో ప్రచార విశ్లేషణ కోసం ఒక సంస్థ పెట్టి ఏడు ఎత్తుగడలను గుర్తించారు. వాటిలో రెండు మన దగ్గర జంటగా తిరుగుతాయి. ఎవరూ కాదనలేని అందమైన మాట ఒకటి: 'అభివృద్ధి'. ముద్ర వేసే మాట ఇంకొకటి: 'అభివృద్ధి నిరోధకులు'. కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం గురించి మా ఊరి వేట ఎటు పోతుందని అడిగిన మత్స్యకారుడికి ఆ ముద్ర పడితే, అతని ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని తప్పిపోతుంది.

టెక్కలి పాఠకుడు:
న్యాయవాది గారూ, నిర్వచనం కోర్టు గదిలో పనిచేస్తుంది. గ్రామసభలో మైకు పట్టుకున్నవాడు చట్టం చదివి వినిపించడు, 'స్వల్ప ఇబ్బందులు' అంటాడు. అక్కడికక్కడే లేచి 'ఎవరికి, ఎంత?' అని అడగాల్సింది మనమే.

రాజాం విలేకరి గారూ, ఆ రాత్రి పదింటికి మీరు రాసిన వాక్యాన్ని తప్పుపట్టను. ఎవరు కాల్చారో ఈ రోజు అందరికీ తెలుసు. అయినా ఏటా జూలై 14న వచ్చే వార్తలో అదే వాక్యం ఉంటే దానికి కారణం ఏమిటి? ఈసారి మీరు రాసేటప్పుడు 'పోలీసులు కాల్చారు' అని రాస్తారా?