థైరోగ్లోబులిన్ తక్కువగానే ఉంది, యాంటీబాడీలు మాత్రం పెరిగాయి. థైరాయిడ్ క్యాన్సర్ మళ్లీ వచ్చినట్టా?

నమస్తే అండీ, మాది కావలి. మా అమ్మకి 2021లో పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలితే చెన్నైలో గ్రంథి మొత్తం తీసేసి, తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చారు. అప్పట్నుంచి థైరోగ్లోబులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్, క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమో చూడ్డానికి రక్తంలో కొలుస్తారు) 0.2 లోపే వస్తోంది. ఈసారి నెల్లూరులో చేయిస్తే అదీ అంతే ఉంది, కానీ యాంటీ థైరోగ్లోబులిన్ యాంటీబాడీలు (ఆ ప్రొటీన్‌కి వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యేవి) రెట్టింపు కంటే ఎక్కువొచ్చాయి. ఈ యాంటీబాడీలుంటే థైరోగ్లోబులిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చట, అందుకే తక్కువొచ్చిందని ధైర్యంగా ఉండలేకపోతున్నాం. ల్యాబ్ మారితే అంకెలు మారతాయని కూడా అంటున్నారు, మరి ఇది ల్యాబ్ తేడానా, నిజంగా పెరిగినట్టా?

మెడ స్కానింగ్‌లో ఎడమవైపు చిన్న లింఫ్ గ్రంథి ఉందని, లోపల కొవ్వు భాగం మామూలుగానే కనిపిస్తోందని రాశారు. అది మంచి లక్షణమేనని, 6 నెలలు ఆగి చూద్దామని డాక్టరుగారు అన్నారు. అమ్మకి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మీలో ఎవరికైనా ఇలా యాంటీబాడీలు పెరిగి మళ్లీ తగ్గాయా? ఆగమన్నన్నాళ్లూ ఆగారా, లేక పాత ల్యాబ్‌లోనే వెంటనే మళ్లీ చేయించారా? థైరాయిడ్ తీసేసినవాళ్ల మెడ స్కానింగ్ ఓపిగ్గా, రెండువైపులా గ్రంథులన్నీ కొలిచి రాసేవాళ్లు నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ఉంటే దయచేసి చెప్పండి. ఇంకోటి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) మరీ తక్కువుందని ఇక్కడొక డాక్టరుగారు థైరాయిడ్ మాత్ర డోసు తగ్గించమన్నారు, చెన్నైలో ఏమో కావాలనే తక్కువ ఉంచుతున్నామన్నారు. ఇన్నేళ్ల తర్వాత మీకు ఎంతలో ఉంచుతున్నారు?