మొదటి వీడియోకి లాప్‌టాప్ వెబ్‌క్యామ్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ సరిపోతాయా? ఒడిశా తెలుగోళ్ళు చెప్పండి

పర్లాకిమిడి_అరుగు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. సాయంత్రం పూట మా వీధి పిల్లల్ని 9 మందిని అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ బడిలో ఒడియా మీడియం, శ్రీకాకుళం నుంచి పెళ్ళి కార్డు వస్తే చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు, చదవలేరు. ఒడియా అక్షరం పక్కన తెలుగు అక్షరం పెట్టి చూపిస్తే మాత్రం భలే బేగి ఎక్కుతోంది. రాయగడలో మా పిన్ని పిల్లలు కూడా మాకూ చెప్పు అంటున్నారు, అందుకని యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాను. నా దగ్గర ఉన్నదల్లా ఆరేళ్ళ నాటి లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, దానికున్న వెబ్‌క్యామే. స్క్రీన్‌నీ మొహాన్నీ రికార్డ్ చేసే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ దింపుకున్నాను, ఫ్రీయే కదా. మా అన్నయ్యేమో "ఈ మసక మొహంతో పెట్టకు, దసరాకి మంచి కెమెరా, మైక్ కొందాం, అప్పుడు మొదలెడుదువు గాని" అంటున్నాడు. దసరా దాకా ఆగితే నాకీ ఊపు ఉండదేమో అని భయం. మీరేటంటారు?

రాయగడ_పెళ్ళివీడియో:
అమ్మా, నేను 11 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను, ఎడిటింగూ నాదే. మీ అన్నయ్య మాట వినండి. లాప్‌టాప్ క్యామ్ చాలావాటికి 720పీయే ఉంటాది, అంటే బొమ్మ స్పష్టత తక్కువ, లోపల సెన్సర్ గోరంత కూడా ఉండదు, గదిలో వెలుతురు తక్కువైతే మొహమంతా చుక్కలు చుక్కలుగా వచ్చీసి చెయ్యి ఆడించినప్పుడల్లా సాగుతాది. మొదటి వీడియో బాగోకపోతే రెండోది ఎవడూ తెరవడు, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. కొనడానికి ఇప్పుడు డబ్బుల్లేకపోతే ఇంట్లో ఫోన్ ఉంటాది కదా, దాని వెనక కెమెరాతో తీయండి. మామూలు ఫోన్ వెనక కెమెరా అయినా ఈ వెబ్‌క్యామ్ కన్నా నయం.

బరంపురం_మగ్గం:
అన్నా మీ అనుభవం పెద్దదే కానీ ఇక్కడ ఆవిడ పెళ్ళి తీయట్లేదు. ఆవిడకి కావలసింది స్క్రీన్ మీద అక్షరాలు, మూలన చిన్న డబ్బాలో తన మొహం. ఫోన్‌తో తీస్తే మొహం ఒక ఫైల్, అక్షరాలు ఒక ఫైల్, రెండూ కలపడానికి ఎడిటింగ్ చెయ్యాలి, 4 జీబీ ర్యామ్‌లో ఎడిటింగంటే ఏడుపొస్తుంది, నేను అనుభవించాను. ఓబీఎస్‌లో అయితే స్క్రీన్‌కి డిస్ప్లే క్యాప్చర్ ఒకటి, వెబ్‌క్యామ్‌కి వీడియో క్యాప్చర్ డివైస్ ఒకటి పెట్టుకుంటే రెండూ కలిసి ఒకేసారి రికార్డ్ అయిపోతాయి, ఆపగానే వీడియో రెడీ. మొహం మూలన అరచేయంత కూడా ఉండదు కాబట్టి 720పీ అయినా ఎవరికీ తేడా తెలీదు.

అక్కా, మీకు మాత్రం నాలుగు మాటలు, మా నాన్న మగ్గం మీద పట్టు చీర నేసేది వీడియో తీయబోయి నేను దెబ్బతిన్నవి ఇవి. కిటికీ మీ ఎదురుగా ఉండాలి, వీపు వెనక ఉంటే మొహం నల్లగా అయిపోతుంది. లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి క్యామ్ కంటికి సమానంగా తెచ్చుకోండి, లేకపోతే గెడ్డం కింద నుంచి చూసినట్టుంటుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే వీడియోలో అడ్డంగా నీడ గీతలు పాకుతూ ఉంటాయి, నేను క్యామ్ పాడైందనుకుని రెండు రోజులు తల పట్టుకున్నాను. వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది, అది 60లో ఉంటే 50కి మార్చండి, మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కదా. ఓబీఎస్‌లో అవుట్‌పుట్ 1280 బై 720, సెకండుకి 30 ఫ్రేములు, బిట్‌రేట్ (అంటే సెకండుకి పట్టే డేటా) 2500 కేబీపీఎస్ చాలు, అలా అయితే నిమిషానికి 20 ఎంబీ కూడా దాటదు, రోజుకి ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్‌లోనే ఎక్కించీయొచ్చు.

ఇంకోటి, యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న పెట్టారు, 19 సెకండ్లే, జూలో ఏనుగుల ముందు నిలబడి ఒక కుర్రాడు మాట్లాడతాడు, అంతే. దసరా దాకా ఆగకండి.

రాయగడ_పెళ్ళివీడియో:
తమ్ముడూ 2005 వేరు. అప్పుడు చూడ్డానికి అదొక్కటే ఉంది. ఇప్పుడు పిల్లాడి వేలు కింద వెయ్యి వీడియోలు ఉన్నాయి, మసగ్గా కనిపిస్తే పైకి తోసీడానికి ఒక్క క్షణం పట్టదు. ఆవిడ చేసేది మంచి పని, అందుకే అంటున్నాను, మంచి పని నాసిగా కనిపించకూడదు.

గుణుపూర్_మాస్టారు:
నేను రిటైరైన ఒడియా మీడియం టీచర్ని, ఇంట్లో తెలుగు. మీరిద్దరూ బొమ్మ గురించే కొట్టుకుంటున్నారు, నా బాధ శబ్దం గురించి. ఒడియా రాతలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు, ఒక్కొక్కటే. మన పిల్లలకి బడిలో ఆ తేడా ఎక్కడా తగలదు. తెగ వేరు, తేగ వేరు. కొన వేరు, కోన వేరు. శ, ష, స మూడూ ఒడియాలో నోటికి ఒక్కలాగే వస్తాయి. అక్షరానికి సహజంగా ఉండే అకారం కూడా అక్కడ ఒకారంలా పలుకుతుంది కాబట్టి పిల్లాడు కమల అని రాసి ఉంటే కొమొలొ అంటాడు. అమ్మా, నీ పాఠమంతా ఈ చెవి తేడాల మీదే నిలబడి ఉంది కదా. లాప్‌టాప్‌లో ఉండే మైక్ నోటికి రెండడుగుల దూరంలో ఉంటుంది, గది గోడల మోత, ఫ్యాన్ హోరు అన్నీ మింగి, కొన అంటే కోన అన్నట్టు సాగదీసి వినిపిస్తుంది. మొహం మసగ్గా ఉంటే పాఠం పోదు. శబ్దం మసగ్గా ఉంటే తప్పు పాఠం నేర్పినట్టే. కెమెరాకి ఆగక్కర్లేదు గానీ మైక్ సంగతి తేలేదాకా పెట్టొద్దని నా మనవి.

జయపురం_చిన్నోడు:
మైక్ కొనక్కర్లేదు మాస్టారూ, ఫోన్‌తో వచ్చిన వైర్ ఇయర్‌ఫోన్ ఉంటాది కదా, లాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ కలిపి ఒకే జాక్ ఉంటే దాని మైక్ పనిచేస్తాది. బట్టకి రాసుకోకుండా గెడ్డానికి ఒక జానెడు దూరంలో పట్టుకోవాలి. ఫ్యాన్ ఆపీయాలి.

బరంపురం_మగ్గం:
మాస్టారు గారి మాటకి ఒప్పుకుంటున్నాను, నేను శబ్దం మీటర్ సంగతి చెప్పడం మర్చిపోయాను. ఓబీఎస్ కింద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీ కదులుతుంది, మాట్లాడేటప్పుడు పసుపులో ఆడాలి, ఎరుపులోకి పోతే గొంతు పగిలినట్టు రికార్డ్ అవుతుంది, తర్వాత ఏం చేసినా బాగవదు. హోరు తగ్గించే నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ ఉంది కదా అని గట్టిగా వాడకండి, నాకైతే హోరుతో పాటు స, హ కూడా తినేసింది. లోపల జుయ్ మని వస్తుంటే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడండి.

పర్లాకిమిడి_అరుగు:
మూడు రోజులు ఆగి వచ్చాను, ఏం జరిగిందో చెప్తాను. మొన్న 14 నిమిషాలు ఏకబిగిన చెప్పాను, చాలా బాగా వచ్చింది అనుకున్నాను, చివర్లో కరెంట్ పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైర్ మీదే బతుకుతోంది, ఠపీమని ఆగిపోయింది. మళ్ళీ వెలిగించి చూస్తే ఫైల్ ఉంది గానీ తెరుచుకోవట్లేదు. ఎంపీ4 అనే ఫైల్ రకంలో పెట్టి రికార్డ్ చేశాను. కూర్చుని ఏడ్చాను, నిజంగా. జయపురం తమ్ముడు చెప్పిన ఇయర్‌ఫోన్ మైక్ మాత్రం పనిచేసింది.

బరంపురం_మగ్గం:
అయ్యో అక్కా, ఇది ముందే చెప్పవలసింది, నాదే తప్పు. ఎంపీ4 మామూలుగా ఆపినప్పుడే చివర్లో లెక్కంతా రాసుకుని మూస్తుంది, మధ్యలో ఆగితే ఫైల్ చెడిపోతుంది. సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ (ఇంకో ఫైల్ రకం) పెట్టండి, కరెంట్ పోయినా అప్పటిదాకా చెప్పింది దాదాపు అంతా ఉంటుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ నొక్కితే అదే ఎంపీ4 చేసి ఇస్తుంది, క్వాలిటీ తగ్గదు. మన ఊళ్ళల్లో ఎంకేవీ తప్ప ఇంకోటి పెట్టకూడదు. 14 నిమిషాలు ఒకేసారి వద్దు, అక్షరానికి ఒక ముక్క చెప్పుకుంటూ పోండి.

రాయగడ_పెళ్ళివీడియో:
అమ్మా బాధపడకు, కార్డు పాడై ఒక పెళ్ళి మంగళసూత్రం ఘట్టమే పోగొట్టుకున్నవాణ్ణి నేను, ఆ రాత్రి ఎలాగుంటాదో తెలుసు. ఒక్కటి అడుగుతాను, వీడియోలో ఏ తెలుగు మాట్లాడుతున్నావు? మన యాస అటు విజయవాడ వాళ్ళు చూస్తే నవ్వుతారు, ఒడియా మాటలు కూడా మధ్యలో దొర్లుతాయి మనకి. కాస్త టీవీ వార్తల్లాగ చెప్తే మంచిది.

పర్లాకిమిడి_అరుగు:
అన్నయ్యా అదే జరిగింది. క్యామ్ పక్కన ఎర్ర చుక్క వెలగగానే నా గొంతు నాది కాకుండా పోయింది, "ఇప్పుడు మనము అక్షరములు నేర్చుకొందము" అంటున్నాను. మా వీధి గుంట ఒకర్తె పక్కనే కూర్చుంది, "అక్కా ఎవరితో మాటాడతన్నావు" అంది.

గుణుపూర్_మాస్టారు:
నవ్వితే నవ్వనీ. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, అక్కడి నుంచే కదా జనం నోట్లో ఉన్న తెలుగులోనే పుస్తకాలు రావాలని పోరాడింది. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసింది, అక్కడి పిల్లలకి తెలుగు నేర్పే నువ్వు వార్తల తెలుగులో చెప్తే వాళ్ళు రెండోసారి పరాయి భాష నేర్చుకున్నట్టవుతుంది. అరుగు మీద ఎలా చెప్తావో అలాగే చెప్పు. ఆ గుంటని క్యామ్ వెనక కూర్చోబెట్టుకో, దానికే చెప్పు.

పెట్టే ముందు ఒక పరీక్ష మాత్రం చెయ్యి. ఫోన్ బోర్లా పెట్టి శబ్దం ఒక్కటే వినిపించి పిల్లల్ని రాయమను.

రాయగడ_పెళ్ళివీడియో:
యాస సంగతి మాస్టారు చెప్పాక ఇంక మాటాడను. వెబ్‌క్యామ్ మీద మాత్రం నా మాట నాదే. ఆడియో సరిచేశారు సంతోషం, కానీ పిల్లలు కళ్ళతో కూడా చూస్తారు.

పర్లాకిమిడి_అరుగు:
పరీక్ష చేశాను మాస్టారూ. లాప్‌టాప్ మైక్‌తో మొదట తీసిన చిన్న ముక్క వినిపిస్తే 9 మందిలో ఆరుగురు కొన అన్నచోట కోన అని రాశారు. ఇయర్‌ఫోన్ మైక్‌తో, ఫ్యాన్ ఆపి, కిటికీకి దుప్పటి కట్టి తీసింది వినిపిస్తే ఒక్కడే తప్పు రాశాడు, వాడికి జలుబు, చెవులు మూసుకుపోయి ఉన్నాడు పాపం. దుప్పటి కడితే వెలుతురు పోయింది, రాయగడ అన్నయ్య అన్నట్టే మొహం చుక్కలు చుక్కలుగా ఉంది. మా అన్నయ్య చూసి ఇంకా వద్దనే అంటున్నాడు.

అయినా ఎ, ఏ పాఠం నాలుగు నిమిషాలది నిన్న రాత్రి ఎక్కించాను, లింక్ ఉన్నవాళ్ళే చూసేలా అన్‌లిస్టెడ్‌లో పెట్టి, ఆ లింక్ మా 9 ఇళ్ళకీ, పిన్నికీ మాత్రమే పంపాను. పొద్దున్న పిన్ని ఫోన్ చేసింది, చిన్నోడు తేగ అని రాసి గోడకి అంటించాడట. రేపు తెల్లారి ఆరింటికి ఒ, ఓ తీస్తాను, అప్పుడు వీధిలో చప్పుడుండదు, దుప్పటీ కట్టక్కర్లేదు, తూరుపు కిటికీ వెలుతురు మొహం మీద పడుతుంది. రాయగడ అన్నయ్యా, లింక్ మీకూ పంపుతాను, మొహం ఇంకా మసగ్గా ఉంటే చెప్పండి.