డాక్యుమెంటరీలో కనిపించినవాళ్ళకు డబ్బులివ్వాలా?

గంటస్తంభం (విజయనగరం):
ముదుమలై మావటి దంపతుల మీద తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కు 2023లో ఆస్కార్ వచ్చింది. అదే ఏడాది ఆ దంపతులు, ఇస్తామన్నవి ఇవ్వలేదంటూ 2 కోట్లకు లీగల్ నోటీసు పంపారు. తీసినవాళ్ళు అదేం నిజం కాదన్నారు. వాళ్ళ తగవు మనకొద్దు. నా మాట ఒకటే: డబ్బు చేతులు మారితే అది డాక్యుమెంటరీ కాదు. డబ్బిచ్చినవాడికి కావలసిన మాటే కెమెరా ముందుకొస్తుంది. ఫ్రాన్సులో ఓ పల్లెటూరి బడి మీద 2002లో ‘ఎత్ర్ ఎ అవ్వార్’ వచ్చి బాగా ఆడింది. అందులోని మాస్టారు తనకూ డబ్బు రావాలని కోర్టుకెక్కారు. ఆయన నటించలేదు, తన పాఠం తాను చెప్పుకున్నారని కేసు కొట్టేశారు. సరైన తీర్పు.

రాజాం రవ్వ:
సినిమాకి కలెక్షన్లు, మాస్టారికి చాక్‌పీసు. బాగుందండీ న్యాయం.

కవిటి కొబ్బరి:
గంటస్తంభం గారూ, మా మావయ్య డయాలసిస్ మీద ఉన్నారు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద డాక్యుమెంటరీ తీస్తామని ఓ బృందం వచ్చింది. బోరింగు దగ్గర బిందె నింపి తెస్తుంటే “బాబాయ్, ఇంకోసారి, కొంచెం మెల్లగా దించండి” అంటూ మళ్ళీ మళ్ళీ మోయించారు. చొక్కా చెయ్యి పైకి మడిపించి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతికి చేసిన ఫిస్టులా ఉబ్బిన చోట కెమెరా ఆనించినట్టు పెట్టి తీశారు. అత్త ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు. ఆ రోజు అత్త జీడిపిక్కల పనికి పోలేదు. ఆ కూలైనా ఇవ్వొద్దా?

గంటస్తంభం:
మళ్ళీ మోయించడమే తప్పు. అది డాక్యుమెంటరీ తీయడం రానివాళ్ళ పని.

నాగావళి:
రానివాళ్ళా? 1922లో మంచు ప్రాంతపు ఇన్యూట్ల మీద ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీసినాయన, వాళ్ళ మంచు ఇల్లు ఇగ్లూని ఓవైపు తెరిచి కట్టించాడు. అప్పటికే తుపాకులు వాడుతున్నవాళ్ళ చేత ఈటెలు పట్టించాడు. డాక్యుమెంటరీలకి తాతగారు అదే.

గంటస్తంభం:
ఇగ్లూ లోపల చీకటి. అప్పటి కెమెరాలకి ఆ వెలుతురు చాలదు. అది అవసరం.

నాగావళి:
తుపాకీ కూడా చీకటేనా?

గంటస్తంభం:
నేను ఇగ్లూ గురించి చెప్తున్నాను.

సోంపేట చినబాబు (విశాఖ):
కొబ్బరి తమ్ముడూ, మాదీ ఉద్దానమే. మా నాన్న ఈ జబ్బుతోనే పోయారు, ఏ కెమెరా మా వైపు తొంగిచూడని రోజుల్లో. కారణం ఈరోజుకీ గట్టిగా తేలలేదు. కానీ పేపర్లు, వీడియోలు పదే పదే చూపించబట్టే హిరమండలం నుంచి 700 కోట్ల నీళ్ళ పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. బిందె ఇంకోసారి మోస్తే ఏం పోయింది?

కవిటి కొబ్బరి:
ఏం పోయిందా? విశాఖలో ఏసీ కింద కూర్చుని బాగానే అడిగావన్నా. మావయ్య కూతురికి సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకునే లోపే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఫోన్లో ఆ వీడియో చూశారు. “తండ్రికుంది, రేపు పిల్లకొస్తే?” అని వెనక్కి తగ్గారు. మీ డబ్బులెవడికి కావాలి? తీసింది ముందు మాకు చూపించుంటే ముఖం తీసెయ్యమనేవాళ్ళం.

గంటస్తంభం:
ఇది మొదటే చెప్పొచ్చుగా! కానీ నువ్వడిగేది డబ్బుకన్నా పెద్దది. ఇండోనేషియాలో 1965-66లో లక్షల మందిని చంపారు. అలా చంపినవాళ్ళే, ఎలా చంపామో కెమెరా ముందు చేసి చూపించిన సినిమా 2012 నాటి ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’. వాళ్ళ చేతికి కత్తెర ఇస్తే ఏం మిగిలేది?

కవిటి కొబ్బరి:
మా మావయ్యా, ఆ హంతకులూ ఒకటేనేటి?

నాగావళి:
అదే సినిమాకి పనిచేసిన ఇండోనేషియా వాళ్ళు చాలామంది టైటిల్స్‌లో పేరు వేసుకోలేదు. తీసేవాళ్ళు పేరు దాచుకోవచ్చు గానీ బిందె మోసినాయన ముఖం దాచుకోకూడదా?

గంటస్తంభం:
వాళ్ళది ప్రాణభయం.

కవిటి కొబ్బరి:
మాది పెళ్ళి కావాల్సిన పిల్ల.

సోంపేట చినబాబు:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నీ బాధంతా దాచలేకపోయామనే. మా నాన్నా దాచారు. అక్క పెళ్ళి అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, పసరు మందు తాగుతూ కూర్చున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఏమీ మిగల్లేదు. ముఖాలన్నీ మసక చేసి చూపిస్తే ఈ జబ్బుని ఎవడు పట్టించుకునేవాడు? నువ్వే చెప్పు.

కవిటి కొబ్బరి:
మీ నాన్నగారిది వేరు, మావయ్య మందు మానలేదు. పలాసకే వెళ్తున్నారు డయాలసిస్‌కి, కాదనను. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో ఆయన చేతిలో ఉండాలంటున్నాను, అంతే. ఆ వీడియో ఇంకా యూట్యూబులో ఉంది. తీసెయ్యండని పెట్టిన మెసేజ్ చూసి ఊరుకున్నారు. తీయించే దారి తెలిస్తే చెప్పండి, లేకపోతే మీ ఇగ్లూలోకి మీరు పొండి.

రాజాం రవ్వ:
లింకు మాత్రం ఇక్కడ పెట్టకు తమ్ముడూ. చూసేవాళ్ళు ఇంకా పెరుగుతారు.