తలకోన దారిలో టెంట్ క్యాంపు, అర్ధరాత్రి దాటినా స్పీకర్ మోత. ఇలాంటి వాళ్లతో మీరెలా వేగుతున్నారు?

మందులషాపు_తిరుపతి అడిగారు:

అందరికీ నమస్కారం. తిరుపతిలో నాకు మందుల షాపు ఉంది. ఆదివారం సాయంత్రం మళ్లీ షట్టర్ ఎత్తాల్సిందే కాబట్టి మాకు ఊరెళ్లడమంటే ఒక్క రాత్రి, అదీ దగ్గర్లోనే. భాకరాపేట, నెరబైలు వైపు తోటల్లో టెంట్లు వేసి అద్దెకిస్తున్నారని తెలిసి, మాలాంటి వాళ్లకి భలే ఉంటుందనుకున్నాను.

పోయిన శనివారం మా ఆవిడ, పాప, మా బావమరిది వాళ్లు అందరం కలిసి వెళ్లాం. మామిడితోట, పక్కనే వంక, వంక అవతల కొండ. సాయంత్రం దాకా బ్రహ్మాండం. ఏడింటికి రెండు కార్లు, నాలుగైదు బైకులు దిగాయి. పుట్టినరోజు పార్టీ అట. పదిహేను మంది దాకా ఉంటారు. చక్రాలున్న సూట్‌కేసంత స్పీకర్ ఒకటి దించారు, అప్పుడే నాకు టెన్షన్ మొదలైంది.

పదిన్నర దాకా ఓర్చుకున్నాం. పిల్లలకి నిద్ర లేదు. వెళ్లి, "బాబూ, పిల్లలున్నారు, కాస్త తగ్గించండి" అన్నాను. ఒకతను నా భుజం మీద చెయ్యేసి, "క్యాంపింగ్‌కొచ్చి నిద్రపోతారా అన్నా?" అన్నాడు. మిగతా వాళ్లు నవ్వారు. సౌండ్ పెంచారు. తోటలో ఉన్నది ఒక్క ముసలి వాచ్‌మన్, ఆయన వాళ్ల దగ్గరికి పోవడానికే జంకాడు. ఓనరుకి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. రెండు దాటాక గానీ మోత ఆగలేదు.

తెల్లారి చూస్తే వంకలో బీరు సీసా పెంకులు, ఒడ్డున కోడి ఎముకలు, ప్లాస్టిక్ గ్లాసులు. ఒక మామిడి చెట్టు మొదట్లోనే మంట వేశారు, మాను నల్లగా కమిలిపోయింది. పాప చెప్పులు లేకుండా నీళ్లలోకి పరిగెత్తబోతే మా బావమరిది రెక్క పట్టుకుని లాగాడు. ఓనరుకి చెబితే, "వీకెండంటే అంతే కదా సార్" అని నవ్వేశాడు. ఆ నవ్వుకి మండినంత నాకు పాటలకి కూడా మండలేదు.

గొడవ పెట్టుకోవడం నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. అలాగని డబ్బులు కట్టి రాత్రంతా కూర్చుని రావడమూ నచ్చలేదు. ఇలాంటప్పుడు ఎవరికి చెప్పాలి? వాళ్లతో ఎలా మాట్లాడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బైక్_బ్యాచ్ జవాబు:

అన్నా, తప్పుగా అనుకోవద్దు. కుర్రాళ్లు వారమంతా పని చేసి ఒక్క రాత్రి ఎంజాయ్ చేయడానికి వస్తారు. ఊళ్లో పాటలు పెడితే పక్కింటోళ్లు తిడతారు, తోటలో పెడితే మీరు తిడతారు. ఇంకెక్కడ పెట్టుకోవాలి? సీసాలు పగలగొట్టడం మాత్రం తప్పే, దానికి నేను సపోర్ట్ చేయను.

తోటకాపలా జవాబు:

నేను రెండు సీజన్లు ఇలాంటి టెంట్ల తోట చూసుకున్నాను, అదీ ఆ దారిలోనే. ఇప్పుడు మానేసి ఆటో నడుపుకుంటున్నా కాబట్టి లోపలి సంగతి చెప్పడానికి ఇబ్బంది లేదు.

ముందు ఓనరు లెక్క అర్థం చేసుకోండి సార్. మీరు రెండు టెంట్లు. వాళ్లు ఆరేడు టెంట్లు, పైగా నాటుకోడి, రాగిసంగటి ఆర్డరు. అర్ధరాత్రి మీ ఇద్దరి మధ్య తగువొస్తే ఓనరు ఎవరి వైపు ఉంటాడో అడగాల్సిన పనే లేదు. స్విచ్ ఆఫ్ అన్నారే, అది ఛార్జింగ్ అయిపోయి కాదు. మా ఓనరూ శనివారం రాత్రి అదే పని చేసేవాడు. తిట్లన్నీ నాకు, డబ్బులన్నీ ఆయనకి.

అందుకే ఈ గొడవ తేలేది బుకింగ్ రోజే. "టెంట్ ఎంత, తిండి ఏంటి" అని అందరూ అడుగుతారు. "ఆ రోజు ఇంకెవరు వస్తున్నారు, ఎంత మంది, పార్టీనా?" అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే చాలామంది నిజమే చెప్తారు, ఎందుకంటే రేపు మీరు వెళ్లి రివ్యూ రాస్తారని భయం. "స్పీకర్ ఎన్నింటికి ఆపుతారు, రాత్రి తోటలో ఎవరుంటారు" అన్న ముక్క వాట్సాప్‌లో రాయించుకోండి. నోటి మాటైతే తెల్లారి "నేనెప్పుడన్నాను సార్" అంటాడు.

ఇక మాట్లాడటం. పదిన్నరకి వెళ్లారు, అప్పటికి నాలుగో సీసా మూత లేచి ఉంటుంది. ఆ టైములో దేవుడు దిగొచ్చి చెప్పినా వినరు. నేను చేసే పనేంటంటే, బండ్లు దిగి టీ తాగుతున్నప్పుడే వెళ్లి కూర్చునేవాణ్ణి. ఏ ఊరు, ఎవరి పుట్టినరోజు, కేకు తెచ్చారా, ఇలా కబుర్లు. ఆ కబుర్లలోనే, "ఆ పక్క టెంట్లలో చంటిబిడ్డలున్నారప్పా, పది దాకా మీ ఇష్టం, ఆ తర్వాత నా పరువు కాపాడండి" అనేవాణ్ణి. తాగకముందు ఒప్పుకున్నవాడు తాగాక కూడా కొంత మాట మీద ఉంటాడు. అందరూ కాదు.

ఇంకో కిటుకు. ఎంత పెద్ద గుంపులోనైనా తాగనివాడు ఒకడుంటాడు, తెల్లారి కారు తోలాల్సినవాడు. మంట దగ్గర కాకుండా కాస్త ఎడంగా కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. వాడికీ నిద్ర కావాలి. చెప్పాలంటే వాడికి చెప్పండి, పదిమంది ముందు పుట్టినరోజు కుర్రాడికి కాదు. పదిమంది ముందు చెబితే వాడు తగ్గించాలనుకున్నా తగ్గించలేడు.

మంట సంగతి. కట్టెలు ఇవ్వని తోటలోనే కొమ్మలు విరుస్తారు. పచ్చి మామిడి కొమ్మ సరిగ్గా మండదు, పొగ తప్ప ఏమీ రాదు. దాంతో పెట్రోలు పోస్తారు. నేను తుమ్మ కట్టెలు మోపు కట్టి అమ్మేవాణ్ణి, చెట్లకి దూరంగా గుంట తీసి చుట్టూ రాళ్లు పేర్చి, ఇక్కడే వేసుకోండి అనేవాణ్ణి. కొమ్మల జోలికి ఎవరూ పోలేదు. గ్రూపుకి వెయ్యి రూపాయలు డిపాజిట్ తీసుకుని, పొద్దున వంక చూశాకే వెనక్కిచ్చేవాణ్ణి. వెయ్యి పెద్ద డబ్బు కాదు, కానీ డిపాజిట్ కోసం వంకలో గ్లాసులు ఏరిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లని చూశాను.

చెన్నై వాళ్లు, బెంగళూరు వాళ్లు అని అందరూ ఊరికే అంటారు గానీ, మా తోటలో బాగా గోల చేసినవాళ్లు మన తిరుపతి వాళ్లే. బయటూరి నుంచి వచ్చినవాడికి తోవ తెలియదు, కొంచెం భయముంటుంది. మనవాడికి ఇక్కడ మామ ఉంటాడు, ఫలానా వాళ్లు తెలుసంటాడు.

చిత్తూరు_టీచరమ్మ జవాబు:

తోటకాపలా అన్న చెప్పింది బాగుంది, కానీ అది మగవాళ్లకి కుదిరే సలహా. తాగిన గుంపు దగ్గరికి నేనైతే వెళ్లను, మా వారినీ వెళ్లనివ్వను. మేము ఇద్దరు ఆడపిల్లలతో తిరుగుతాం. చీకటి పడకముందే చూసి, నచ్చకపోతే టెంట్ మార్చమంటాం, లేదంటే బయల్దేరి వచ్చేస్తాం. కట్టిన డబ్బులు పోతాయి, పోనీ. కారు ఎప్పుడూ గేటు వైపు మొహం పెట్టి ఆపుతాం, వెనక ఇంకో బండి అడ్డం పెట్టనివ్వం. ఎవరైనా టెంట్ దగ్గరికి వచ్చి తూలుతూ మాట్లాడితే ఆలోచించకుండా 112కి ఫోన్ చేస్తాను. పోలీసులు రావడానికి టైము పట్టొచ్చు, కానీ "ఫోన్ చేసింది" అన్న మాటకే సగం మంది సర్దుకుంటారు. వెళ్లేముందే అక్కడ సిగ్నల్ ఉందో లేదో అడగండి, కొండ చాటున చాలా చోట్ల ఉండదు.

బైక్ బ్యాచ్ తమ్ముడూ, పక్కింటోళ్లు తిట్టారని తోటలో పెడుతున్నావు సరే, తోటలో మా టెంట్‌కి గోడలు కూడా లేవు నాయనా. గుడ్డ అది.

పలమనేరు వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. అది కౌండిన్య అభయారణ్యం పక్క, ఏనుగులుండే చోటు. మిగిలిన బిర్యానీ, అరటిపళ్లు, పనసపండు టెంట్ దగ్గర వదిలేస్తే వాసనకి ఏమొస్తుందో చెప్పలేం. పక్క గుంపు పారేసినా అది మన సమస్యే, ఏనుగుకి ఎవరి టెంట్ ఏదో తెలియదు కదా. నేనైతే వాళ్ల ఎంగిలి ప్లేట్లు కూడా ఒక సంచిలో ఎత్తి మూట కట్టిస్తాను. తిట్టుకుంటూనే చేస్తాను.

అడవి_రిటైర్డ్ జవాబు:

అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చట్టం సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇక్కడ రెండు వేరు వేరు చోట్లు కలిపేస్తున్నారు.

మీరు బస చేసిన తోట పట్టా భూమి అయి ఉంటుంది. అక్కడ మావాళ్ల పెత్తనం తక్కువ. శబ్దం మీద ఫిర్యాదు పోలీసులకే. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి, వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. తోట నాది, డబ్బులు కట్టాను అన్నంత మాత్రాన మినహాయింపు రాదు. కాబట్టి ఫోన్‌లో "గొడవ చేస్తున్నారు" అని కాకుండా, "పది దాటింది, ఫలానా ఊరి దగ్గర తోటలో స్పీకర్ మోగుతోంది" అని చెప్పండి. ఓనరుకి కూడా అదే మెసేజ్ టైముతో పెట్టండి, ఫోన్ ఆఫ్ చేసుకున్నా మెసేజ్ ఉంటుంది.

కానీ వంక దాటితే కథ వేరు. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోది. 1989లో ప్రకటించారు, సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి చోట అనుమతి లేకుండా అడుగు పెట్టడం, అడవికి ముప్పు వచ్చేలా నిప్పు వేయడమే కాదు, చెత్త వేయడం కూడా నేరమే. తాగిన హుషారులో "పదరా, రాత్రిపూట కొండెక్కుదాం" అని టార్చిలైట్లతో బయల్దేరే కుర్రాళ్లని చాలాసార్లు చూశాను. శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది. అర్ధరాత్రి అడవిలో లైటు వేసుకుని గుంపుగా నడిచేవాళ్లని చూస్తే మా వాచర్లకి టూరిస్టులన్న ఆలోచన ముందు రాదు. పక్క టెంట్ వాళ్లు అలా వెళ్తుంటే చెప్పాల్సిన మొదటి మాట ఇదే. పాటల మీద వినకపోయినా దీనికి వింటారు, ఎర్రచందనం కేసంటే ఈ జిల్లాలో ఎవరికైనా భయమే.

నిప్పు మాత్రం ఎవరి భూమిలో వేసినా నాకు కోపం వస్తుంది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా బోద గడ్డి ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ గాలికి వంక దాటితే చాలు. కింద మొలకలు పోతాయి, పాములు, బల్లులు, నేల మీద గూళ్లు పెట్టే పిట్టలు పోతాయి. దేవాంగపిల్లి లాంటి నిదానపు జంతువు ఎక్కడికని పారిపోతుంది? మంట ఆర్పామని అందరూ అంటారు, పైన మట్టి పోసి వెళ్లిపోతారు. మట్టి కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది. నీళ్లు పోసి, కట్టెతో కెలికి, మళ్లీ నీళ్లు పోయాలి, చెయ్యి పెడితే చల్లగా తగలాలి. పక్కవాళ్లు నిద్రపోయాక వాళ్ల మంట నేనే వెళ్లి ఆర్పిన రాత్రులున్నాయి, ఉద్యోగం మానేశాక కూడా.

ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. వాటిని వడ్డించే ఓనరు మీద పంచాయతీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. ఫోటో జత చేయండి.

బైక్_బ్యాచ్ జవాబు:

ఎర్రచందనం సంగతి నిజమే సార్. మా ఫ్రెండ్స్‌ని ఒకసారి రోడ్డు మీదే గంటసేపు నిలబెట్టారు. స్పీకర్ విషయంలో, పది తర్వాత చిన్న స్పీకర్ పెట్టుకుంటే మీకు ఓకేనా?

మందులషాపు_తిరుపతి జవాబు:

చిన్నదైతే ఓకే తమ్ముడూ, నాకూ పాటలంటే ఇష్టమే. నా టెంట్‌లో ఆ పాటలు నేను పెట్టుకున్నట్టు వినపడకపోతే చాలు.

అందరికీ థాంక్స్. ఆ ఓనరుకి టైములు, ఫోటోలు పెట్టి మెసేజ్ చేశాను. బుకింగ్ పేజీలో రివ్యూ కూడా రాశాను, తిట్లు లేకుండా: ఎన్నింటి దాకా మోగింది, రాత్రి ఎవరున్నారు, వంకలో ఏం దొరికింది, అంతే. రాసిన గంటలోపే ఫోన్ వచ్చింది. ఆ రాత్రి ఎత్తని మనిషి! సగం డబ్బులు వెనక్కిస్తాను, రివ్యూ తీసేయమన్నాడు. తీయనన్నాను. వాచ్‌మన్‌కి తోడు ఇంకో మనిషిని పెట్టి, పదికి స్పీకర్ ఆపిస్తానని బోర్డు రాయిస్తే అది కూడా కింద చేరుస్తానని చెప్పాను. ఆలోచిస్తానన్నాడు.

పాప మళ్లీ ఎప్పుడు వెళ్దామని అడుగుతోంది. ఈసారి వేరే తోట చూస్తున్నాను. తోటకాపలా అన్నా, ఏప్రిల్‌లో అయితే ఎలా ఉంటుంది?

తోటకాపలా జవాబు:

ఏప్రిల్ వద్దు సార్. ఎండ, వంకలో నీళ్లుండవు, పైగా కాయ మీదుంటుంది కాబట్టి తోటోళ్లు ప్రతి మనిషినీ దొంగలా చూస్తారు. వానలు వెలిశాక డిసెంబరు చివర్లోనో జనవరిలోనో పోండి, శనివారం కాకుండా ఆదివారం రాత్రి. సోమవారం పొద్దున షాపు గంట ఆలస్యంగా తీయండి. ఆదివారం రాత్రి తోటలన్నీ ఖాళీ, రేటు కూడా తగ్గిస్తారు, అడగండి.