అప్‌డేట్: పోస్ట్ సీరియల్ ఫుట్‌బాల్ కార్డుల అంచులను సరిచేయలేదు

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో మా పొరుగున ఉండే పెద్దాయన తన చిన్ననాటి బిస్కెట్ డబ్బాలోని కెనడియన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులను నాకిచ్చారని, వంకరగా ఉన్న అంచులను సమంగా కత్తిరించవచ్చా అని గత నెలలో అడిగాను. వద్దని గట్టిగా చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు. ఒక్క కార్డు మీద కూడా కత్తెర పెట్టలేదు.

ఈ కార్డులు 1962, 1963 సంవత్సరాల్లో పోస్ట్ అనే కంపెనీ సీరియల్ (పొద్దున పాలలో వేసుకుని తినే ధాన్యపు అల్పాహారం) పెట్టెల వెనుక అచ్చయినవి. మొదటి ఏడాది 137 కార్డులు, రెండో ఏడాది 160. 1963లో కావలసిన కార్డుల సంఖ్యలు రాసి కంపెనీ నుంచి తెప్పించుకునే వీలుండేది. 1962లో మాత్రం పెట్టె నుంచి కత్తిరించుకోవడం తప్ప వేరే దారి లేదు కనుక, ఆ వంకర అంచులు పిల్లల చేతి పనే. ఇప్పుడు సరిచేస్తే కార్డు చిన్నదై, ఉన్న విలువ కూడా పోతుంది.

వెనుక వైపు చూడమన్న సలహా నాకు ఎంతో ఉపయోగపడింది. 1962 కార్డుల వెనుక సాధారణంగా గోధుమరంగు అట్ట ఉంటుంది, తక్కువగా అచ్చయిన వాటిలో చాలా వాటికి తెల్లగా ఉంటుంది. నా దగ్గర తెల్లవి రెండు కనిపించాయి.

అన్నింటినీ ఆమ్లరహిత ప్లాస్టిక్ తొడుగుల్లో భద్రపరిచాను. వీటిని అమ్మబోను. 1962లో పొగమంచు వల్ల రెండు రోజులు సాగిన గ్రే కప్ (కెనడియన్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్)లో విన్నిపెగ్ 28–27తో హామిల్టన్‌పై గెలిచింది. ఆ ఆటను రేడియోలో విన్న మనిషి కత్తిరించి దాచుకున్న కార్డులివి.